గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు

ధనము నార్జించుట యొక నేర్పు. ఆర్జించినదానిని నిలుపుకొనుట మఱియొక నేర్పు. దానిని తగినచోట వెచ్చించుట యీ రెంటికంటెను కష్టమైన నేర్పు. మన పెద్దలు చెరువులు త్రవ్వించిరి, సత్రములు కట్టించిరి, దేవాలయములకు గోపురము లెత్తించిరి. వారి పేళ్లు రాతిమీద నిలిచియున్నవి. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట పుణ్యమని యెఱుగనివారు లేరు. కాని, చెప్పుకొనుటకు దిక్కులేనివాని మొఱ్ఱను వినవలసినవారి చెవిని వేయించుటకై ధనమును వెచ్చించుటయు నట్టి పుణ్యమే యని తలచినవారు కొందఱే. అట్టివారిలో నగ్రగణ్యులు చెన్నపట్టణ వర్తకులైన గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు. మహాసభకు విచ్చేసిన సోదరులును, సంఘపోషకులును తెలిసికొనదగినదని తలచి, వారి చరిత్రమును సంగ్రహముగా వ్రాయ బూనుకొంటిమి.

శెట్టిగారు క్రీ.శ. 1806వ సంవత్సరమున చెన్నపట్టణమున తెలుగు వర్తక కుటుంబమున జన్మించిరి. తండ్రి సిద్ధులు శెట్టిగారు నీలిమందును, బట్టలను వ్యాపారము చేయుచుండిరి. కుమారుడు బడిలో నేర్చిన చదువు స్వల్పమే. మిగిలినది స్వయంకృషివలనను, పట్టణములోని విద్యావంతుల సహవాసమువలనను సంపాదించినది. యుక్తవయస్సున తండ్రి వ్యాపారమున ప్రవేశించి దానిని మిక్కిలి వృద్ధిచేసి, పట్టణమున సంపన్నులలో నొకరుగా పేరుగాంచిరి. నీలిమందు పండు సీమలలో కడప మండలము ముఖ్యమైనది. సరకు కొఱకు మండలములతో సంబంధము పెట్టుకొన్న వర్తకునకు, సరకు ధరతోపాటు దానిని పండించువాని స్థితియు చెవిని బడుచుండుట సహజమేకదా. శెట్టిగారికి రైతులయెడ గలిగిన యార్తికి బీజమిచ్చట పడియుండునని మేము ఊహించుచున్నాము.

1844వ సంవత్సరమున శెట్టిగారు తమ సొంత ధనముతో క్రెసెంటు అను నాంగ్లపత్రికను నెలకొల్పిరి. చెన్నపట్టణమున భారతీయుని యాజమాన్యమున వెలసిన తొలిపత్రిక యిదియే యని చరిత్రకారులు చెప్పుదురు. పూర్వము సైన్యమున నుద్యోగము చేసిన హార్లీ యను దొర దానికి సంపాదకుడయ్యెను. హిందువుల స్థితిని బాగుచేయుటయే పత్రికకు ముఖ్యోద్దేశము. ప్రభుత్వమువారు దీనిని మొదటినుండియు అనుమానముతోనే చూచిరి. సర్కారు గెజిటులో దాని ప్రకటనకైనను చోటియ్యరైరి. ప్రభుత్వ విద్యాలయమున బైబిలును పాఠ్యముగా జేర్చుమాట వచ్చినప్పుడు, 1846లో పట్టణపౌరులు సభచేసి ప్రతిఘటించిరి. అందును శెట్టిగారే ముందుండిరి. చెన్నపట్టణ గవర్నరు వినకున్నచో నాతనికి పైనున్నవారికి వ్రాసికొనవచ్చునను పాఠమును పౌరులు నేర్చుకొన్నది యా దినములలోనే.

ఇక నాటి రైతు స్థితిని కొంత చెప్పక తప్పదు. రైతువారీ పద్ధతిలో రైతునకును సర్కారునకును నడుమ జమీందారుడు లేడు. శిస్తు నేరుగా తాసీల్దారు కచ్చేరికి చెల్లవలెను. పంట పండినను పండకున్నను పైవారికి వసూలు లెక్క చూపవలెను. 1833లో మన గుంటూరు సీమను పాడుచేసిన నందన కరవును పెద్దల నోట వినియున్న కుటుంబములు నేటికిని గలవు. ఇంతకన్న గొప్ప చిక్కు వేఱొకటి గలదు. 1816వ సంవత్సరపు శాసనములవలన కలెక్టరునకే మేజిస్ట్రేటు అధికారమును లభించెను. అతని క్రింది తాసీల్దారు శిస్తు వసూలుచేయుటయేగాక పోలీసు అధికారియు నయ్యెను. అనగా బాకీ రాబట్టుకొనువాడును, నేరము విచారించువాడును ఒక్కడే. బాకీకై కొట్టినవానిమీద ఫిర్యాదు చేయవలెనన్నను, ఆ కొట్టించిన కచ్చేరిమెట్లే యెక్కవలెను. అంతకుమించి పోదమన్నచో కోర్టు దూరము, ముద్రకాగితపు ఖర్చు, సాక్షుల బత్తెము, ఏండ్లతరబడి కాలయాపనము.

మేము ముప్పదియైదేండ్లు పిల్లలకు చదువు చెప్పినవారము. తరగతిలో పెద్దపిల్లవాడు చిన్నవాని పలకను లాగికొన్నాడని ఫిర్యాదు వచ్చినపుడు, విచారించి చెప్పుమని యా పెద్దవానికే యప్పగించిన యుపాధ్యాయునకు నిజము తెలియునా? తెలియదు. మఱునాటినుండి ఫిర్యాదులు మాత్రముండవు. ఫిర్యాదులు లేవు గనుక తరగతి సుఖముగా నున్నదని యాతడు తలచును. కంపెనీ దొరలు చాలకాలము తమ రాజ్యమునుగూర్చి తలచినదియు నిట్లే.

కంపెనీవారి అధికారపత్రమును ఇరువదియేండ్ల కొకమాఱు పార్లమెంటు పునర్విమర్శ చేయుట ఆచారము. 1813లోను, 1833లోను అట్లు జరిగెను. 1853లో మఱల జరుగవలసియుండెను. ఇట్టి యవకాశము ఇరువదియేండ్లకు గాని రాదని శెట్టిగారు గ్రహించిరి. 1852వ సంవత్సరారంభమున కలకత్తాలోని బ్రిటిషు ఇండియను సంఘమునకు శాఖగా చెన్నపట్టణమున నొక సంఘ మేర్పడెను. కొలది నెలలలోనే యది వేఱుపడి చెన్నపట్టణ స్వదేశ సంఘమను పేర స్వతంత్రముగా నిలిచెను. దానికి ప్రాణము శెట్టిగారే. ఆ సంవత్సరాంతమున నీ సంఘమువారు పార్లమెంటునకు దీర్ఘమైన మహజరు నొకదానిని సిద్ధపఱచి పంపిరి. శిస్తు భారము, న్యాయస్థానముల జాప్యము, రహదారుల యొక్కయు, విద్యయొక్కయు కొఱత మొదలైనవన్నియు నందు సవిస్తరముగా విన్నవింపబడెను.

పార్లమెంటువారు విచారణ సంఘములను నియమించిరి; సాక్ష్యములు వినుచుండిరి. కాని యా విచారణ ముగియకమునుపే 1853లో కొత్త శాసనము నెగ్గిపోయెను. రోగపరీక్ష ముగియకమునుపే మందు ఇచ్చినట్లాయెను. ఇతరులైనచో నిరాశతో నూరకుందురు. శెట్టిగారు మాత్రము త్రోవ మార్చిరి. కాగితము మీది మొఱ్ఱను సముద్రమునకావల నున్నవారు నమ్మకున్నచో, నమ్మదగిన కన్నులనే యిచ్చటికి రప్పింపవలెనని వారి యభిప్రాయము కాబోలు.

ఇంగ్లండున 1853లోనే ఇండియా సంస్కరణ సంఘమను నొక సంఘ మేర్పడియుండెను. దాని యధ్యక్షుడు డాన్బీ సేమూరు కామన్సు సభలో సభ్యుడు. ఆయన యా యేటి శరత్కాలమున చెన్నపట్టణమునకు వచ్చెను. శెట్టిగారు ఆయనకు స్వాగతమిచ్చి, మండలములలో సంచరించి రైతుల స్థితిని ప్రత్యక్షముగా దెలిసికొనుటకు తోడ్పడిరి. శిస్తు చెల్లింపలేనివారిని కచ్చేరులలో హింసించుట వాడుకయై యున్నదని సేమూరు గ్రహించి స్వదేశమునకు మరలెను. అదేకాలమున చెన్నపట్టణమున న్యాయవాదిగా నున్న జాన్ బ్రూస్ నార్టన్ దక్షిణదేశ న్యాయపాలనమునందలి లోపములను వెల్లడించుచు నొక గ్రంథమును 1853లో ప్రకటించెను. సంఘము పంపిన మహజరును, సేమూరు చూచిన దృశ్యములును, నార్టన్ వ్రాసిన గ్రంథమును ఒకదానికొకటి సాక్ష్యము పలికినవి.

1854 జూలై నెలలో కామన్సు సభయందు చెన్నపట్టణ రాజధానిలోని భూమిశిస్తును గూర్చి చర్చ జరిగెను. బ్లాకెట్ అను సభ్యుడు తీర్మానమును ప్రతిపాదింపగా సేమూరు బలపఱచి, శిస్తుకై రైతులను హింసించుచున్నారని సభాముఖమున చెప్పెను. ఈ దేశమున నుద్యోగములు చేసి తిరిగిపోయి సభ్యులైనవారు కొంద ఱది యసంభవమనిరి. తాము అన్నియేండ్లు ఇక్కడ నుండియు నట్టిమాట వినలేదనిరి. వినలేదనుట నిజమే కావచ్చును. వినుటకు వారు చేసికొన్న యేర్పాటేమో పైన చెప్పియుంటిమి. ఏమైనను, పార్లమెంటులో బహిరంగముగా పలికిన మాటను ఊరక మఱపించుట సాధ్యము కాలేదు. విచారణ జరుపుమని యుత్తరువు వచ్చెను. 1854 సెప్టెంబరులో, హారిసు ప్రభువు గవర్నరుగా నుండగా, ఇ. ఎఫ్. ఎలియట్, హెచ్. స్టోక్సు, జె. బి. నార్టన్ అను ముగ్గురితో నొక కమీషను నియమింపబడెను.

కమీషను చెన్నపట్టణముననే కూర్చుండెను. రాజధాని యన్ననో, ఉత్తరమున గంజాము మొదలు దక్షిణమున తిరునల్వేలి దాక వ్యాపించియుండెను. చెన్నపట్టణమునుండి మొదటి రైలుబండి బయలుదేఱినది 1856 జూలైలో గనుక, అప్పటికి రైలు లేదు. గోదావరితీరమునుండి రావలసిన రైతు కాలినడకనో, ఎద్దుబండిమీదనో రావలెను; దారిబత్తెము సొంతము; మరలిపోయిన పిమ్మట నా తాసీల్దారు క్రిందనే బ్రతుకవలెను. ఫిర్యాదులు వినుటకు గడువు మూడు నెలలు. ఇన్ని యడ్డంకులుండియు స్వయముగా వచ్చి చెప్పుకొన్నవారు 519 మంది. జాబులు వ్రాసికొన్నవారు 1,440 మంది. మొత్తము 1,959 ఫిర్యాదులు చేరెను. కచ్చేరికి వెఱచువాడు అంతదూరము నడచివచ్చినాడన్నచో, వాని గాయమెంత లోతైనదో యీ సంఖ్యయే చెప్పుచున్నది.

కమీషనువారి నివేదిక 1855 ఏప్రిలులో వెలువడెను. శిస్తు రాబట్టుటకును, నేరము నొప్పించుటకును హింస జరుగుచున్న మాట వాస్తవమని వారు తేల్చిరి. ఎండలో గంటలకొలది నిలువబెట్టుట, అన్నమునకు పోనీయకుండుట, పసులను మేతకు విడువక కట్టివేయుట, వంగదీసి మెడను కాళ్లకు త్రాటితో బిగించి యుంచుట, కిట్టికోలలో వ్రేళ్లను నొక్కుట, మోకాళ్ల మడతలలో ఇటుకముక్కలు పెట్టి కూర్చుండబెట్టుట, ఇద్దఱి జుట్లను ముడివేయుట, జుట్టును గాడిద తోకకో దున్నపోతు తోకకో కట్టుట — ఇట్టివి యా నివేదికలో వరుసగా వ్రాయబడియున్నవి. ఇవన్నియు నెన్ని రూపాయల బాకీకొఱకని విచారించినచో, తఱుచుగా మిక్కిలి స్వల్పమైన మొత్తమునకే యని తెలియును.

ఈ నివేదికలో నొక లోపము గలదు. దానిని చెప్పకున్నచో శెట్టిగారి మహత్త్వము తెలియదు. హింసించినవారు దేశీయులైన క్రిందియుద్యోగులనియు, దొరలకు దానితో సంబంధము లేదనియు కమీషనువారు వ్రాసిరి. ఇందు సగము సత్యమే. కిట్టికోలను బిగించిన చేతులు మనవారి చేతులే. బంట్రోతు మనవాడు, తాసీల్దారు మనవాడు, వారు హింసించినదియు మనవారినే. ఈ సిగ్గును మనము దాచికొనరాదు. కాని మిగిలిన సగమేమి? వసూలు తగ్గినచో తాసీల్దారు నుద్యోగమునకు ముప్పు తెచ్చువారెవరు? వసూలు పెరిగినచో మెచ్చుకొనువారెవరు? ఆ ప్రశ్నను కమీషనువారు గట్టిగా నడుగలేదు.

ప్రపంచమున విచారణలు కోరువారు సామాన్యముగా విచారణ జరుగుటతోడనే తృప్తిపడుదురు. తాము కోరినది లభించినదికదా యని సన్మానసభలు చేసికొందురు. శెట్టిగారి సంఘము అట్లు చేయలేదు. 1856 జనవరిలో వారు పార్లమెంటునకు మఱల మహజరు పంపి, తాము కోరి తెచ్చుకొన్న విచారణయే చాలదని నిర్భయముగా విన్నవించిరి. కమీషను పట్టణముననే, మూడు నెలలు మాత్రమే ఫిర్యాదులు వినుటవలన పల్లెల బాధితులు రాజాలకపోయిరనియు, దోషమునకు మూలము శిస్తు వసూలు పద్ధతియందే యుండగా నంతవఱకు త్రవ్విచూడలేదనియు, తమ పై యధికారుల కీ సంగతి యెంతవఱకు తెలియునని క్రిందివారి నడుగనే లేదనియు వారి యాక్షేపణ. హింస బంట్రోతుచేతిలో పుట్టలేదు, పైనుండి మెట్టుమెట్టుగా దిగివచ్చి యాతనిచేతిలో తేలినదని వారి వాదము. ఒక వర్తకుడును ఆతని సహచరులును, రాజ్యాధికారము లేశమైనను లేనివారు, ప్రభుత్వ నివేదికను ఇంత సూక్ష్మముగా విమర్శించుట మాకు నేటికిని ఆశ్చర్యమును గలిగించుచున్నది.

ఆ మొఱ్ఱ వృథాపోలేదు. 1856 ఏప్రిలులో ఆల్బెమార్లు ప్రభువు ప్రభువులసభలో నీ విషయమును చర్చకు దెచ్చెను. 1857లో కారల్ మార్క్సు న్యూయార్కు పత్రికకు వ్రాసిన వ్యాసమున నీ నివేదికను, సంఘమువారి మహజరును పేర్కొనెను. 1859లో చెన్నపట్టణ పోలీసు శాసనము పుట్టి, పోలీసుశాఖ రెవిన్యూశాఖనుండి వేఱుచేయబడెను. శిస్తు వసూలుచేయు తాసీల్దారే పోలీసు అధికారియై యుండు పద్ధతి తొలగెను. పోలీసువానియెదుట చేసిన నేరాంగీకారము ముద్దాయిపై సాక్ష్యముగా చెల్లదను నియమము 1861 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడులో చేరి, 1872 సాక్ష్య శాసనములో స్థిరపడి, 2024 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములోను నిలిచియున్నది. నందన కరవునాటి రైతు బాధ నుండి నేటి న్యాయస్థానము వఱకు నీ నియమమొక దారమువలె సాగివచ్చినది.

శెట్టిగారిని కడకు ప్రభుత్వమువారును గుర్తింపకపోలేదు. 1863లో చెన్నపట్టణ శాసనసభకు సభ్యులుగా నియమితులై మరణపర్యంతము ఆ పదవిలో నుండిరి. సి. ఎస్. ఐ. బిరుదమును పొందిరి. కాని పత్రికకును, సంఘమునకును, మహజరులకును వెచ్చించిన ధనము మరలి రాలేదు. ఐశ్వర్యమున పుట్టి, ఐశ్వర్యమును పెంచిన యా పుణ్యపురుషుడు 1868లో పేదవాడై కన్నుమూసెను. వారు నడపిన సంఘము క్రమముగా క్షీణించెను. పదునాఱేండ్లకు, 1884లో, చెన్నపట్టణ మహాజనసభ పుట్టి యా పనిని మఱల చేపట్టెను.

ఈ చరిత్రమును చదివి, ఇది కంపెనీనాటి కథ, కడచిపోయినది యని పుస్తకమును మూయరాదు. స్వరాజ్యము వచ్చిన పిమ్మటను నిర్బంధములోనున్నవారిని హింసింపరాదని 1996లో డి. కె. బసు వ్యాజ్యమున సుప్రీంకోర్టు వేఱుగా నియమములు విధింపవలసి వచ్చెను. హింసానిషేధమును గూర్చిన అంతర్జాతీయ ఒప్పందముపై మన దేశము 1997లో సంతకము చేసెను. దానికనుగుణముగా 2010లో లోకసభ నెగ్గించిన బిల్లు రాజ్యసభలో సెలక్టు కమిటీకి పోయి, శాసనము కాకయే గడువు తీఱిపోయెను. విచారణ కోరుట, విచారణకై వేచియుండుట, వచ్చిన విచారణ క్రిందివానియొద్దనే యాగిపోవుట — ఈ మూడును నేటివారికిని తెలియని సంగతులు కావు. ఆలస్యమైన విచారణలో సాక్షులు చత్తురు, కాగితములు చెదలు తినును, బాధితుడు విసిగి యిల్లు చేరును. అందువలన విచారణ వేయించుటతో పని ముగియదు. అది యెప్పుడు, ఎక్కడ, ఎవరిచేత, ఎంతవఱకు జరుగుచున్నదో కనిపెట్టియుండుటయే యసలు పని. శెట్టిగారి జీవితము మనకు నేర్పునది యిది.

సంఘపోషకులకు మేము విన్నవించుకొను మాట యొకటి గలదు. మనము కల్యాణమండపములకును, విద్యార్థివసతిగృహములకును విరాళము లిచ్చుచున్నాము, ఈయవలసినదే. వానితోపాటు, కోర్టుమెట్లెక్కుటకు దారిబత్తెము లేనివానికి, అర్జీ వ్రాసియిచ్చువాడు లేనివానికి సహాయము చేయుటకై స్వల్పమైన నిధి నొకదానిని ఏర్పఱచినచో నది శెట్టిగారి స్మృతికి తగిన పూజ యగును. ఆ సహాయము మన కులమువారికే యని గిరిగీయకుండుట మఱింత యుచితము. చెన్నపట్టణమునకు నడచివచ్చిన యా 519 మందిలో నెవరి కుల మేమో శెట్టిగారు లెక్కింపలేదు. వారు నడచివచ్చిన దూరమునే లెక్కించిరి.

అట్టి మహనీయుని యుదారబుద్ధి మన సంఘమున కలకాలము నిలుచుగాక యని సర్వేశ్వరుని ప్రార్థించుచు విరమించుచున్నాము.